వాగు పోయిన దారి

మా ఇల్లు చిక్కడపల్లిలో. నేను తెలుగు పాఠాలు చెప్పే కళాశాల నారాయణగూడలో. ఈ రెండింటికీ నడుమ దూరం పట్టుమని రెండు కిలోమీటర్లు ఉండదు. అయినా సాయంకాలం నేను తిన్నగా ఇల్లు చేరను. అశోక్‌నగర్ మీదుగా చుట్టు తిరిగి, అక్కడి నాలా వంతెన మీద కాసేపు నిలబడి మరీ వస్తాను. “ఆ మురికినీళ్లలో మీకేం కనిపిస్తుందండీ?” అని మా ఆవిడ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. నేనూ సరైన జవాబు కోసం వెతుకుతూనే ఉన్నాను.

నిజం చెప్పవలసివస్తే, అది పుట్టుకతో మురికికాలువ కాదు. హుస్సేన్ సాగర్ నిండి పొర్లినప్పుడు ఆ నీరు దోమలగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగా అంబర్‌పేట దాటి మూసీలో కలిసే దారి. పల్లెటూరి మనిషి పట్నం వచ్చి వేషం మార్చినట్టు, ఆ వాగు మన మధ్యకు వచ్చి నాలా అయింది. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను దానికి తన పాత సంగతులు గుర్తుకు వచ్చాయి. ఆ రెండుసార్లూ అశోక్‌నగర్ ఇళ్లలోకి చెప్పాపెట్టకుండా వచ్చి, కొలతలు చూసుకొని వెళ్లింది.

మొన్నటి వానాకాలంలో ఒక సాయంత్రం వంతెన మీద జనం గుమిగూడారు. నీరు గోధుమరంగులో ఉధృతంగా పోతున్నది. ఆ గుంపులో మా మేడమీది గదిలో అద్దెకుంటున్న కుర్రవాడు కనిపించాడు. అశోక్‌నగర్ అంటే తెలంగాణ నాలుగు చెరగులా తెలియని నిరుద్యోగి ఉండడు గదా! గ్రూపు పరీక్షల శిక్షణ కేంద్రాలు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు, ఒక్కొక్క గదిలో నలుగురేసి కుర్రవాళ్లు. చిక్కడపల్లి గ్రంథాలయంలో కుర్చీ దొరకాలని తెల్లవారుతూనే వెళ్లి నిలబడేవారిలో మావాడూ ఒకడు. కొత్తగూడెం అవతల ఒక బొగ్గుగని పల్లె వాడిది.

“మీ వాగు బాగున్నది సార్,” అన్నాడు.

“బాగుండడమేమిటయ్యా! ఇంకొక మూర పెరిగితే మనమందరం మేడలెక్కాలి.”

“ఉన్నది గద సార్. అందుకని అన్న. మా ఊళ్లె వాగు పోయింది.”

“ఎండిపోయిందా?”

“ఎండిపోలే సార్. పోయింది. బాయిలకు పోయింది.”

తెలుగు క్రియలలో ‘పోవు’ అన్నదానికి ఉన్నన్ని అర్థాలు మరొకదానికి లేవని నేను ప్రతి ఏడూ తరగతిలో చెబుతాను. వెళ్లడమూ పోవడమే, పాడవడమూ పోవడమే, చనిపోవడమూ పోవడమే. వాగుకు వీటిలో ఏది వర్తిస్తుందో నాకు తోచలేదు. ‘బాయి’ సంగతి మాత్రం తరువాత తెలిసింది. మనకు బావి అంటే చేదవేసి తోడుకునేది. బొగ్గు సీమలో బాయి అంటే గని. “బాయికి పోయిండు” అంటే పనికి వెళ్లాడని అర్థం.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట చెబితే మా ఆవిడ, “ఇన్నేళ్లుగా ప్రబంధాలలో నదులు, సరస్సులు వర్ణించి వర్ణించి పాఠం చెప్పారు. ఒక్క నిజమైన వాగు చూసి రారాదూ?” అన్నది. దసరా సెలవులలో కుర్రవాడు ఊరికి వెళుతూ ఉంటే, నేనూ సంచి సర్దుకొని బయలుదేరాను.

* * *

సికింద్రాబాదులో రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. బండి డోర్నకల్లు దగ్గర పెద్దమార్గం విడిచి తూర్పుకు తిరుగుతుంది. కారేపల్లి దాటేటప్పుడు కుర్రవాడు నన్ను లేపి, “సింగరేణి అనే ఊరు ఇక్కడనే సార్,” అన్నాడు. అంత పెద్ద సంస్థకు పేరిచ్చిన ఊరు చీకట్లో నాలుగు దీపాలుగా వెనక్కు పోయింది.

1871లో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ కింగ్ ఈ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. అక్కడి ముఖ్యమైన బొగ్గు పొరను ఆయన పేరిట ఇప్పటికీ కింగ్ సీమ్ అనే అంటారు. కింగ్ ఉన్నాక క్వీన్ ఉండవద్దా? మరొక పొరకు ఆ పేరు పెట్టారు! 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు సంపాదించింది. 1889లో ఇల్లెందులో బొగ్గు తీయడం ప్రారంభమైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడది తెలంగాణ ప్రభుత్వం 51 పాళ్లు, కేంద్రం 49 పాళ్లు కలిగిన సంస్థ. దాని బొగ్గులో అధికభాగం ఇప్పుడు ఉపరితల గనుల నుంచి వస్తున్నది. కాని మొదటి నూరేళ్ల చరిత్ర నేలకింద చీకట్లో దీపం పెట్టుకొని వ్రాసినదే.

ఆ బొగ్గు సీమకూ మా పేటకూ ఒక దూరపు చుట్టరికం ఉన్నదని రైలులోనే నాకు స్ఫురించింది. 1920 ప్రాంతంలోనే హుస్సేన్ సాగర్ గట్టున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలిసి, కొన్ని దశాబ్దాలు నగరానికి వెలుగిచ్చింది. ఇప్పుడా కట్టడం లేదు. అంటే నేను రోజూ చూసే నాలాకు తలాపున ఒకప్పుడు బొగ్గు మండిందన్నమాట. దీపాలు వెలిగినందుకు సంతోషించాము. ఆ బొగ్గు తీసిన చోట నీళ్ల సంగతి ఏమయిందని మనమెవ్వరమూ అడిగినట్టు లేదు.

తెల్లవారుజామున దిగిన స్టేషను కొత్తగూడెం. పలక మీద పేరు మాత్రం ‘భద్రాచలం రోడ్’. భద్రాద్రి రాముడు అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో, గోదావరి అవతల ఉన్నాడు. అక్కడి నుంచి ఆటోలో బయలుదేరాము. ఊరి పేరు, వాగు పేరు వ్రాయవద్దని కుర్రవాడు కోరాడు. అందుచేత వ్రాయను. ఆ వైపు ఒర్రెలన్నీ ముర్రేడులోనో, కిన్నెరసానిలోనో పడి చివరకు గోదావరి చేరుతాయని మాత్రం చెప్పవచ్చు.

* * *

కుర్రవాడి నాయనమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. నన్ను చూడగానే, “పట్నం సారు మా వాగు జూడ వచ్చిండా? ఉన్నప్పుడు రాకపోతివి బిడ్డా!” అన్నది. చాయ ఇచ్చి, మనుమణ్ణి వెంటబెట్టి పంపింది.

వానాకాలం ముగిసి ఎన్నాళ్లో కాలేదు. గట్ల మీద తంగేడు పచ్చగా విరబూసి ఉన్నది. గునుగు పూలు వెండితురాయిలలా తలలూపుతున్నాయి. పొలాలలో చెమ్మ ఉన్నది. కాని ఆ పచ్చదనం నడుమ వాగు మాత్రం తెల్లగా, పొడిగా, ఎండబెట్టిన పంచెలా పడి ఉన్నది. రేవులో చాకలి బండలు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. బండలున్నాయి, రేవున్నది, నీళ్లు లేవు. నాకు కిన్నెరసాని గుర్తుకు వచ్చింది. ఒక ఇల్లాలు కరిగి వాగయిన కథ విశ్వనాథవారు చెప్పారు. వాగే కరిగి నేలలోకి దిగిపోయిన కథ నేనే కావ్యంలోనూ చదవలేదు.

గట్టు వెంట కొంత దూరం నడిచాక ఒక ముసలాయన చేతికర్రతో ఎదురుచూస్తూ ఉన్నాడు. కుర్రవాడు ఆయనను పెదనాయిన అని పిలుస్తాడు. ముప్పై ఏళ్లు గనిలో పంపు ఖలాసీగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయన వాగులోకి దిగి, వెంపలి పొదను కర్రతో పక్కకు తొలగించి చూపించాడు. అరచేయి పట్టేంత వెడల్పున నేలలో ఒక నెర్రె. వాగుకు అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఉన్నది. మట్టితో పూడ్చిన గుర్తులు కనిపిస్తున్నాయి. ఆయన ఒక గులకరాయి అందులో వేశాడు. రెండు మూడుసార్లు టకటకమన్నది. ఆ పైన ఏమీ వినిపించలేదు.

“వాన కొట్టిన రాత్రి ఇక్కడ నిలబడితే బుడబుడమని ఇనబడుతది సారు. బానలకు నీళ్లు పోసినట్టు,” అన్నాడాయన. “ఎన్నిసార్లు మన్ను గొట్టి పూడ్చినా, రెండు వానలకు మళ్ల నోరు దెరుస్తది.”

ఇట్లా ఎందుకవుతుందో ఆయనే ఓపికగా చెప్పాడు. నేను మాస్టర్ని, ఆ పూట ఆయన నాకు మాస్టరు. విన్నది విన్నట్టు నా మాటలలో చెబుతాను.

హనుమకొండలోని వేయిస్తంభాల గుడి చూసే ఉంటారు. భూగర్భ గని ఇంచుమించు అలాగే ఉంటుంది. బొగ్గు పొరలో నిలువుగా, అడ్డంగా సందులు తవ్వుకుంటూ, నడుమ చతురస్రాకారంలో బొగ్గునే స్తంభాలుగా విడిచిపెడతారు. పైకప్పు వాటి మీద నిలబడుతుంది. అంతవరకు పైనున్న వాగుకు పెద్దగా తెలియదు. రెండో విడతలో ఆ స్తంభాలను కూడా, కొస నుంచి వెనక్కు వస్తూ తీసేస్తారు. తీసిన చోట కప్పు కూలుతుంది. దాని మీది రాతిపొర కూలుతుంది, ఆపైది పగులుతుంది, చివరకు భూమి కుంగుతుంది. నవారు వదులైన మంచం మధ్యలో ఎలా కుంగుతుందో అలాగన్నమాట. అంచుల దగ్గర నేల సాగి నెర్రెలిస్తుంది. నడుమ భాగం ఒత్తుకొని గుంట అవుతుంది. ఆ అంచు వాగు మీద పడ్డదా, నీటికి కొత్త దారి దొరికినట్టే. నీరు పల్లమెరుగును గదా! గని కంటె పల్లం ఏమున్నది?

దీనికి విరుగుడు లేకపోలేదు. బొగ్గు తీసిన ఖాళీలో ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా నింపుతారు. అలా నింపితే కుంగుడు చాలా తగ్గుతుంది. నింపకుండా కప్పును కూలనిస్తే, గని లోతు తక్కువైన చోట తీసిన మందంలో సగానికి పైగా పైన కుంగవచ్చు. ఊళ్ల కింద, రైలు పట్టాల కింద, నీటి వనరుల కింద ఇసుక నింపడం అందుకే. మరి ఆ ఇసుక ఎక్కడిది? ఏళ్ల తరబడి గోదావరిదే. వాగులో, నదిలో నీటిని పట్టి నిలిపేది ఇసుకే. ఒక నీటిని కాపాడడానికి మరొక నీటి పరుపు ఎత్తుకొచ్చారన్నమాట! ఇప్పుడు ఉపరితల గనుల మీది రాయిని నలగగొట్టి ఇసుక చేసి కొంతవరకు వాడుతున్నారు. ఇది మంచి మార్పే.

చట్టం కూడా ఈ సంగతి ఎరగనిది కాదు. నది, కాలువ, చెరువుల కింద గాని, వాటి గట్టు నుంచి 15 మీటర్ల లోపల గాని అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా బొగ్గు తీయరాదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలలోనే ఉన్నది. “అయితే సారు,” అన్నాడు పెదనాయిన, “గోదారిని గోదారి అని అందరు గుర్తుపడుతరు. వానకు పారి ఎండకు సన్నబడే ఒర్రెను ఎవరు గుర్తుపడుతరు?”

* * *

తిరిగివస్తూ మూతపడిన గని చూశాము. ఏటవాలుగా భూమిలోకి దిగే దారికి ఇటుకగోడ కట్టేశారు. గోడ మీద రావిమొక్క మొలిచింది. ఆ పక్కనే తుప్పుపట్టిన పెద్ద గొట్టం ఒకటి వాగువైపు నోరు తెరుచుకొని ఉన్నది. దాన్ని చూడగానే ముసలాయన ముఖం విప్పారింది. పాత స్నేహితుణ్ణి పరిచయం చేసినట్టు దాని మీద చేయి వేసి నిలబడ్డాడు.

“బొగ్గు బాయి అంటరు గని, నీళ్ల బాయి అనాలె సారు. నేను ముప్పై ఏండ్లు ఎత్తింది నీళ్లే. పంపు ఆగిందంటె కింద మోకాళ్ల దాక వచ్చేటివి. వాగుల నీళ్లు కిందికి దిగుడు, నేను ఎత్తి మళ్ల వాగుల పోసుడు, అవి మళ్ల దిగుడు. గా తిరుగుడుకే నాకు జీతమిచ్చిన్రు!”

ఆయన నవ్వాడు గాని, అసలు కథ అందులోనే ఉన్నది. పంపు నడిచినన్నాళ్లు ఆ గొట్టం నుంచి పగలూ రాత్రీ నీరు వచ్చి వాగులో పడేది. నెర్రెలకు దిగువన వాగు నిండు వేసవిలోనూ పారింది. చుట్టుపక్కల ఊళ్ల వాగులు ఎండినా మా వాగు ఎండదని ఊరంతా మురిసిపోయింది. గట్టు వెంట కూరగాయల మళ్లు వేసుకున్నారు. బర్రెలను కొనుక్కున్నారు. ఈతలు నేర్చిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. గనిలో బొగ్గు తరిగింది. గని మూసేశారు. పంపు ఆగింది. మూడో నాడు వాగు ఆగింది.

“అది వాగు గాదు, పంపు అని అప్పుడు ఎరికయింది,” అన్నది మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ నాయనమ్మ. “అయినా గా నీళ్లు మంచియి గావు బిడ్డా. కందిపప్పు పొద్దంత పొయ్యి మీద పెట్టినా గింజ గింజే. సబ్బు నురగ రాకపోయేది. తాగే నీళ్లకు అవతలి చేదబాయికి పోతుంటిమి. వాగు దిగినంక ఆ బాయి గూడ అడుగంటింది.”

పప్పు ఉడకని నీటి సంగతి మా కళాశాల రసాయనశాస్త్ర ఉపన్యాసకుడిని వచ్చాక అడిగాను. గనిలో పగిలిన రాళ్ల మధ్య తిరిగిన నీరు సున్నపు లవణాలు, మెగ్నీషియం, సల్ఫేటులు కరిగించుకొని వస్తుందట. కఠినజలమంటే అదే. కొన్ని బొగ్గులలో గంధకం, ఇనుము కలిసిన ఖనిజం ఎక్కువగా ఉంటుంది. గాలి, నీరు తగిలితే అది ఆమ్లమై, వాగు అడుగున తుప్పురంగు బురద పేరుస్తుంది. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కనుక ఆ బెడద అంతగా లేదు. మేఘాలయలో జయంతియా కొండల బొగ్గులో ఎక్కువ. అక్కడి లూఖా నది చలికాలంలో నీలంగా మారడం ఆ గనుల వల్లనేనని పరిశీలించిన వారు చాలామంది అంటారు. చూడడానికి అందమే, చేపలు బతకవు.

కిందికి దిగిన నీరు మనకు కనబడనంత మాత్రాన ఊరుకోదు. పాడుబడిన గనులలో అది చెరువులా నిలిచి ఉంటుంది. పక్క గనిలో మనుషులు పని చేస్తూ ఉంటారు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో ఒక గనిలోకి అలా పక్క పనుల నుంచి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు మరణించారు. 1995 సెప్టెంబరులో ధన్‌బాద్ దగ్గర గస్లీటాండ్ గనిలోకి కత్రీ నది వరదనీరు చొరబడి 64 మంది చనిపోయారు. అమెరికాలో 1959 జనవరి 22న పెన్సిల్వేనియాలోని సస్క్వెహనా నది తన అడుగు పగిలి నాక్స్ గనిలో పడ్డది. నదిలో పెద్ద సుడిగుండం ఏర్పడితే, దానిని పూడ్చడానికి రైలు పెట్టెలనే అందులోకి తోశారు. 12 మంది శవాలు కూడా దొరకలేదు. దేశమేదైనా నీటికి భాష ఒక్కటే. దారి ఇస్తే పోతుంది.

భగీరథుడు గంగను పాతాళానికి తీసుకుపోయాడని పురాణం. పితరులను తరింపజేయడానికి తీసుకుపోయాడు. ఈ ఊళ్లో వాగును పాతాళానికి పంపినవారికి పంపుతున్నామన్న సంగతే తెలియదు.

* * *

ఆ రాత్రి ఇంట్లో ఒక చిన్న వాదం జరిగింది. నేను అరుగు మీద పడుకొని విన్నాను. వినకుండా ఉండవలసింది, కాని మాస్టర్లకు చెవులు ఎక్కువ.

నాయనమ్మకు వాగు పక్కన ఎకరంన్నర చేను ఉండేది. గనిలో స్తంభాలు తీసిన ఏడు ఆ చేను నిలువెత్తున కుంగింది. ఆ స్తంభాలు తీసినవారిలో ఆమె కొడుకు, అంటే మావాడి తండ్రి కూడా ఉన్నాడు. కొడుకు కింద తవ్వాడు, తల్లి పైన దున్నింది. గని మూతపడ్డాక అతనికి మరొక ఊరి గనికి బదిలీ అయింది. కూతురి పెళ్లికి చేసిన అప్పు తీరేదాకా అతని జీతంలో మిగిలేది స్వల్పం. ఇటు కుంగిన చేనులో వాననీరు నిలిచి మడుగయింది. నడుమ నేల ఒత్తుకుపోయి, ఒండ్రు పేరుకొని ఉండడం చేత ఆ నీరు దిగదు. ఇప్పుడా మడుగును మట్టితో పూడ్చి చదును చేసుకోవచ్చునని, కావలసిన మట్టి తోలిస్తామని కబురు వచ్చింది. చదునయితే పత్తి చేనుకు కౌలుకివ్వవచ్చు.

“ఆ కౌలు పైసలతోని నా ఫీజు ఎల్లుతది నాయినమ్మా. ఇంకొక్క ఏడాది. ఈసారి నౌకరి కొడత,” అన్నాడు కుర్రవాడు.

“రేపు పెద్ద బతుకమ్మ. అది గానీ. ఎల్లుండి మాట్లాడుదాం,” అన్నదామె.

నాకు నిద్ర పట్టలేదు. అశోక్‌నగర్‌లో శిక్షణ కేంద్రాల ముందు వరుసగా నిలిచి ఉండే ఆ పిల్లల ముఖాలు కనిపించాయి. ఒక్కొక్క ఫీజు వెనక ఎన్ని చేలు, ఎన్ని బర్రెలు, ఎందరు నాయనమ్మలు ఉన్నారో!

మర్నాడు సద్దుల బతుకమ్మ. ఉదయం నుంచే ఊరి పిల్లలు తంగేడు, గునుగు, బంతిపూలు గంపలతో తెచ్చి పోశారు. పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది సిద్ధమయ్యాయి. పొద్దు వాలేసరికి ఆడవాళ్లు పట్టుచీరలు కట్టి, బతుకమ్మలను తలమీద పెట్టుకొని వచ్చారు. గుడి ముందు చప్పట్లు చరుస్తూ చాలాసేపు ఆడారు. తరువాత సాగనంపడానికి కదిలారు. వాగు వైపే నడిచారు. ఎన్నో తరాల అలవాటు, కాళ్లు ఆ దారే పట్టాయి. పొడి ఇసుకలో దిగి, చాకలి బండల పక్కగా వాగు దాటి, అవతలి గట్టెక్కి నాయనమ్మ చేను దగ్గర ఆగారు.

మడుగు నిశ్చలంగా ఉన్నది. ఆకాశం ఎర్రగా అందులో పడి ఉన్నది. ఒకప్పటి గెనెం మీద తాటిచెట్టు ఒకటి నడుము దాకా నీళ్లలో నిలబడి ఉన్నది. మగవాళ్లు అంచు వెంట మోకులు కట్టి, పిల్లలు దిగకుండా కాపలా కాశారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వంగి బతుకమ్మలను నీటి మీద వదిలారు. దీపాలతో, పసుపుపచ్చని పూలతో అవి మెల్లగా నడుమకు సాగాయి. ఆ మడుగు కింద బొగ్గు తీసిన చీకటి ఉన్నది. అందులోనే ఎక్కడో ఊరి వాగు ఉన్నది.

“ఇంత నీళ్లు లేకపోతె బతుకమ్మను ఏడ ఏస్తరు బిడ్డా? పోయిన మారు పక్కూరిల ట్యాంకరు దెచ్చి డ్రమ్ముల ఏసిన్రట,” అన్నది నాయనమ్మ నా పక్కన నిలబడి. కంటనీరు పెట్టుకోలేదు. పూలెటు పోతున్నాయో చూస్తున్నది. “నా చేను పోయిందని ఏడిస్తి గని, ఊరికి ఇదే వాగాయె.”

కుర్రవాడు అంతా విన్నాడు. మోకు పట్టుకొని నిలబడి, ఏమీ అనలేదు. ఎల్లుండి మాట్లాడుకుందామన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

* * *

పట్నం వచ్చాక పది రోజులకు ఒక సాయంత్రం వంతెన దగ్గర మళ్లీ కలిశాడు. నాలాలో నీరు తగ్గింది. అడుగున చెత్త బయటపడింది. మామూలు రోజు.

“చేను పూడ్చే సంగతి ఏమయింది?” అని అడిగాను.

“ఇప్పుడు వద్దన్న సార్. ముందు వాగు సంగతి తేలాలె. నెర్రెలు బంకమన్ను కొట్టి గట్టిగ మూసి, ఆడిదాక వాగు అడుగును పరిపిస్తె నీళ్లు నిలుస్తయని పెదనాయిన అంటుండు. అర్జీ రాసిన. తెలుగు కొద్దిగ దిద్దుతరా?”

ఇంటికి వచ్చి దీపం కింద కూర్చున్నాము. పొందికగానే వ్రాశాడు. వాగు పొడవు, నెర్రెలు ఉన్న చోటు, అడుగంటిన బావులు, కూరగాయల మళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు, అన్నీ వరుసగా ఉన్నాయి. మొదటి వాక్యంలోనే, ‘మా గ్రామమున గల వాగు అంతరించినది’ అని ఉన్నది. గ్రంథాలయంలో కూర్చొని నేర్చుకున్న భాష! వ్యాకరణం తప్పు లేదు. నేను కలం తీసి ఆ మాట కొట్టివేశాను.

“తప్పా సార్?”

“అంతరించినదాన్ని ఎవరూ తిరిగి తేలేరు. ఆ మాట చదివి వాళ్లు కాగితం పక్కన పెడతారు. నువ్వు వంతెన మీద నాతో అన్న మాటే వ్రాయి.”

కుర్రవాడు కాసేపు ఆలోచించి, ‘మా ఊరి వాగు కిందికి పోయింది’ అని వ్రాశాడు.

వంటింట్లో నుంచి మా ఆవిడ ఇద్దరికీ కాఫీలు తెచ్చిపెట్టింది. కాగితం చదివి, “అద్దె సంగతి ఉద్యోగం వచ్చాక చూసుకుందాంలే నాయనా. ముందు దీన్ని నకలు తీయించు,” అన్నది. తరువాత నావైపు తిరిగి, “రేపు సాయంత్రం వంతెన దగ్గరికి నేనూ వస్తాను,” అన్నది.